నీటి అడుగుకు వెళ్లే పిల్లలు - ఇంటి పెద్దలు అడగవలసిన ప్రశ్నలు
(తిరువూరులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా డి.ఏ. బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, మెడికల్ బిల్లుల సంగతే మాట్లాడుకుంటాం. ఈసారి వేరే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అందుకని స్కూబా డైవింగు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కట్టలేరు వాగు, సాగర్ ఎడమ కాలువ తప్ప వేరే నీళ్లు ఎరగని తిరువూరు వాళ్లకు సముద్రం అడుగు సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ ఆ సంగతి మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవులకు అండమాన్, గోవా, విశాఖపట్నం వెళ్లి, వీపున సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగుతున్నారు. ఆ ఫొటోలు మన ఫోన్లకు వస్తున్నాయి. దిగబోయే ముందు కొందరు మనల్ని అడుగుతారు కూడా. "తాతయ్యా, వెళ్లమంటావా?" అంటారు. మనం భయంతో వద్దంటాం, లేదా తెలియక సరేనంటాం. ఈ రెండింటి మధ్య మూడో మార్గం ఒకటి ఉంది. అది సరైన ప్రశ్న అడగడం. ఆ ప్రశ్నలేమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఈ పరికరం సంగతి. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నౌకాదళ అధికారి, గన్యాన్ అనే ఇంజనీరు కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువైతే మన ప్రాంతంలో బొగ్గు బస్సులు నడిచాయని మన పెద్దలు చెప్పేవారు. అలాగే ఫ్రాన్సులో కార్లను గ్యాసుతో నడపడం కోసం గన్యాన్ ఒక వాల్వు తయారుచేశాడు. దాన్నే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలేటట్లు చేశారు. ఇప్పటికీ సూత్రం అదే.

సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. మనం పీల్చే మామూలు గాలినే వడకట్టి, ఒత్తిడి పెట్టి నింపుతారు. శుద్ధమైన ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్ల లోతు దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ గాలి ఎక్కడ నింపారన్నది ముఖ్యం. కంప్రెసరు గాలి పీల్చుకునే చోట డీజిలు ఇంజను పొగ ఉంటే, ఆ విషం సిలిండరులోకి వెళుతుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు లోపల గాలి మంచిదో కాదో చూసుకునే మన రైతులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇక లోతు లెక్క చూద్దాం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు, అంటే సుమారు 33 అడుగులకు, ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే, బయట అది 2,400 లీటర్ల గాలి. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే ఒడ్డున 2 గంటలు వస్తుంది. 10 మీటర్ల లోతున గంటే వస్తుంది. 20 మీటర్ల లోతున 40 నిమిషాలే. భయపడి రొప్పితే ఇంకా తక్కువ. పైగా అడుగంటా వాడుకోకూడదు. 50 బార్లు మిగిలి ఉండగానే పైకి రావాలన్నది సాధారణంగా పాటించే నియమం.

ఊళ్లో ఎవరైనా బావిలోనో చెరువులోనో పడితే మనం గజ ఈతగాళ్లను పిలుస్తాం. వాళ్లు ఊపిరి బిగబట్టి మునిగి, గబుక్కున పైకి తేలతారు. వాళ్ల ఊపిరితిత్తులకు ఏమీ కాదు. ఎందుకంటే ఒడ్డున పీల్చిన గాలే లోపల కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్లీ పాత పరిమాణానికే వస్తుంది. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున సిలిండరు గాలిని నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. అందుకే ఈ విద్యలో మొదటి పాఠం, ఎప్పుడూ ఊపిరి బిగబట్టవద్దు అని. మన కాలువల్లో ఈత నేర్చుకున్నవాడికి బిగబట్టడమే అలవాటు. "మావాడికి ఈత బాగా వచ్చండీ, ఫరవాలేదు" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఈత రావడం మంచిదే, కానీ ఈ చదువు వేరు.

రెండో పాఠం నెమ్మదిగా రావడం. లోతున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. గోలీ సోడా కొట్టగానే బుడగలు పొంగినట్లు, గబగబా పైకి వస్తే ఆ నైట్రోజన్ ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల దగ్గర నుంచి పక్షవాతం వరకు రావచ్చు. అందుకని నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

ఇప్పుడు మంచి చోటు ఎలా దొరుకుతుందనే విషయానికి వస్తాను. మన మంగినపూడి బీచిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకు కనపడవు. కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రు అది. పంటకు బంగారమే కానీ నీటి అడుగున చూడడానికి పనికిరాదు. విశాఖ దగ్గర తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చాయి. నీళ్ల కింద కూడా రాళ్లే. రాయి ఉన్నచోట నాచు, గుల్లలు పట్టుకుంటాయి, వాటి కోసం చేపలు చేరతాయి. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో రుషికొండ కేంద్రంగా శిక్షణ మొదలై, మంగమారిపేట రాళ్ల దాకా, విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగిన ఓడ శిథిలాల దాకా డైవర్లు వెళుతున్నారు. అండమాన్, లక్షద్వీపాల్లో పెద్ద నదులు లేవు. బురద రాదు కనుక నీరు తేటగా ఉండి పగడాల దిబ్బలు పెరిగాయి. కర్ణాటకలో మురుడేశ్వరం ఎదుట ఉన్న నేత్రాణి ద్వీపం కూడా పేరున్న చోటే.

అయితే చోటు ఒక్కటే చాలదు. అదే రాయి దగ్గర ఫిబ్రవరిలో చేయి చాచిన దూరానికి పదింతలు కనిపించవచ్చు. తుపాను వెళ్లిన మర్నాడు చెయ్యే కనపడకపోవచ్చు. ప్రవాహం ఏ వేళ తగ్గుతుందో, గాలి ఎటు తిరిగితే అల లేస్తుందో, ఎక్కడ తెగిపోయిన వలలు చిక్కుకుని ఉన్నాయో ఏ పటంలోనూ ఉండదు. అది ముందుగా తెలిసేది బెస్తవారికి. వల ఎక్కడ తగులుకుంటుందో వారికి తెలుసు, తగులుకున్న చోట రాయో ఓడో ఉంటుంది. తర్వాత తెలిసేది అదే చోట ఏడాది పొడుగునా దిగుతూ, ప్రతిసారీ లాగ్ పుస్తకంలో లోతు, వేళ, నీటి తేట రాసుకునేవారికి. సాగర్ కాలువ మీద లస్కర్లు రోజూ గేజి చూసి రాసిన రిజిస్టరు లాంటిదే ఇదీ. రాసిపెట్టినవాడి మాటకు విలువ ఉంటుంది.

క్లబ్బు అనేది ఇందుకే పుట్టింది. బ్రిటనులో 1953లో డైవర్లంతా కలిసి బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ పెట్టుకున్నారు. సభ్యులే సభ్యులకు నేర్పుకోవడం, జంటగా దిగడం, ఒకరి పరికరం ఒకరు తనిఖీ చేయడం అక్కడి పద్ధతి. మన దేశంలో క్లబ్బు అన్న బోర్డు ఉన్నా, చాలావరకు అది డబ్బు తీసుకుని నేర్పే శిక్షణ కేంద్రమే. తప్పేమీ కాదు. కాని వ్యాపారం కనుక, వచ్చిన మనిషిని వెనక్కి పంపడం కష్టం. మంచి కేంద్రానికి గుర్తు అక్కడే ఉంది. "ఈ రోజు సముద్రం బాగాలేదు, డబ్బు వాపసు తీసుకోండి" అని ఎవరు అనగలరో వారే మనవాళ్లను నమ్మి పంపదగినవారు. చేపల బొమ్మలు గోడనిండా పెట్టడం ఎవరైనా చేస్తారు.

మన విశాఖ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. మన నౌకాదళ డైవర్లు నీళ్లలోకి దిగి అది ఘాజీయేనని తేల్చారు. ఆ పనిలో పాలుపంచుకున్న నిస్తార్ అనే నౌక 1989లో, మనలాగే, రిటైరయింది. అదే పేరుతో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. డైవర్లకు తోడ్పడడం కోసం మన దేశంలోనే తయారైన మొదటి నౌక అది. ఈ విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇది ప్రస్తావించాను. అండమాన్ వెళ్లినా అక్కడ తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడివారిలో సుమారు 13 శాతం తెలుగువారే.

ఇప్పుడు మన సంగతి. టూరు ప్యాకేజీలో అండమాన్ వెళ్లిన పెన్షనర్లను కూడా "రండి సార్, పది నిమిషాలే" అని పిలుస్తారు. నీళ్లలో మునగగానే కాళ్లలోని రక్తం ఛాతీవైపు వస్తుంది. గుండె మీద భారం పెరుగుతుంది. డైవింగు మరణాలను పరిశీలించిన సంస్థలు ముఖ్యమైన కారణాల్లో గుండె జబ్బును చెబుతున్నాయి. దిగేముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నపత్రంలో 45 ఏళ్లు దాటి బి.పి., కొలెస్ట్రాలు, పొగతాగే అలవాటు వంటివి ఉన్నవారిని ప్రత్యేకంగా అడుగుతారు. అవునని రాస్తే డాక్టరు సంతకం కావాలి. ఆ గొడవెందుకని చాలామంది అన్నిటికీ లేదని టిక్కులు పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు, పిల్లల చేత చేయించవద్దు. బైపాసు అయినవారు, స్టెంటు ఉన్నవారు, సుగరుకు మందు వాడేవారు, ఆయాసం ఉన్నవారు, ఈమధ్య శుక్లాల ఆపరేషను చేయించుకున్నవారు మీ డాక్టరును ఇక్కడే అడిగి వెళ్లండి. జలుబు చేసినవారు ఎంత చిన్నవారైనా ఆ రోజుకు మానుకోవాలి. చెవిలో ఒత్తిడి సర్దుకోక కర్ణభేరి చిరిగిపోవచ్చు. చూడాలన్న కోరిక మాత్రం చంపుకోనక్కరలేదు. అండమాన్‌లో జాలీబాయ్ దగ్గర అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. కూర్చునే పగడాలు చూడవచ్చు.

తిరుగు ప్రయాణం గురించి కూడా తప్పక చెప్పాలి. డైవింగు చేశాక వెంటనే ఎత్తుకు వెళ్లకూడదు. ఒక్కసారి దిగితే 12 గంటలు, పలుమార్లు దిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దని నిపుణుల సూచన. విమానం సంగతి కొందరికి తెలుసు. కొండ సంగతి తెలియదు. ఉదయం రుషికొండలో దిగి మధ్యాహ్నం కారులో అరకు వెళదామని మన పిల్లలు ప్లాను వేస్తారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఒంట్లో మిగిలిన నైట్రోజనుకు అది విమానమైనా కొండైనా ఒకటే. ముందు అరకు, తర్వాత సముద్రం అని వరస మార్చమని చెప్పండి. ఖర్చేమీ పెరగదు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఈసారి అడిగినప్పుడు మీరు ఈ అయిదు ప్రశ్నలు వేయండి.

ఒకటి, నేర్పే మనిషికి పాడి, ఎస్.ఎస్.ఐ. వంటి అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన, గడువు తీరని బోధకుడి కార్డు ఉందా? రెండు, ఆరోగ్య ప్రశ్నపత్రం ఇచ్చారా, నువ్వు నిజమే రాశావా? మూడు, ఒక బోధకుడు ఎంతమందిని తీసుకువెళతాడు? మొదటిసారి దిగేవారికి చేయి అందే దూరంలో మనిషి ఉండాలి, 12 మీటర్లు దాటకూడదు. నాలుగు, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందా? ప్రమాదం జరిగితే ఒత్తిడి గదిలో చికిత్స చేసే ఆసుపత్రి ఎక్కడుందో వాళ్లకు తెలుసా? అయిదు, సముద్రం బాగాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా?

అయిదో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగిలిన నాలుగూ చాలావరకు తేలిపోతాయి. ఇష్టం నిజంగా ఉన్న పిల్లలకు ఒక్కరోజు సరదాతో ఆపవద్దని, మూడు నాలుగు రోజుల కోర్సు పూర్తిచేసి కార్డు తీసుకోమని చెప్పండి. ఆ కోర్సు చేసినవారికి 18 మీటర్ల వరకు అనుమతి. అంతకంటే ముఖ్యం, ఏ రోజు దిగకూడదో సొంతంగా తెలుసుకుంటారు.

మనం ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్లూ ఫైలు మీద సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ప్రశ్నలు రాసి వెనక్కి పంపాం. అప్పుడు కొందరికి కోపం వచ్చి ఉండవచ్చు. ఆ అలవాటు ఇప్పుడు మన పిల్లల ప్రాణానికి అక్కరకు వస్తుంది. వాళ్లు వెళ్లనీయండి, చూడనీయండి. మన తరానికి దక్కని లోకం అది. తిరిగి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చూశారో చెప్పించుకుందాం.