మేడమీది గది



శతజయంతి సంఘమువారు మాకు ఇచ్చిన అంశము బోర్డింగు పాఠశాలలలోని స్నేహబంధములు. ఈ అంశముపై మాట్లాడువారు సాధారణముగా తెల్లవారుజామున గంట, నీళ్ల పప్పుచారు, వార్డెనుగారి బెత్తము వర్ణించి అందరినీ నవ్వించి కూర్చుంటారు. ఆ పని మాకంటె బాగుగా చేయగలవారు ఈ సభలో చాలమంది ఉన్నారు. మేము ఒక్క స్నేహమును గూర్చి, అది మమ్మును తీసికొనిపోయిన ఒక ఇంటిని గూర్చి మాత్రమే మనవి చేస్తాము. ఊరిపేరు, ఇంటిపేరు చెప్పము. ఆ ఇంటి పెద్దకుమార్తె ఆ షరతు మీదనే మాకు అనుమతి ఇచ్చారు.

1993లో మేము తొమ్మిదవ తరగతి. మా ట్రంకుపెట్టె ప్రక్కన మా మిత్రుని ట్రంకుపెట్టె. మాది కూలి కుటుంబము. వారికి రెండు రైసుమిల్లులు, మాగాణి భూములు, కారు. అంత కలిగినవారు కుమారుని పట్నములోని ఖరీదైన పాఠశాలకు పంపక మా బోర్డింగులో ఎందుకు చేర్చారో ఎవరికీ అంతుపట్టలేదు. వారి బంధువుల పిల్లలెవ్వరూ మా పాఠశాలలో లేరు. కారణము అదేనని తరువాత తెలిసింది.

ఆ దసరా సెలవులకు అతడు మమ్మును వాళ్ల ఊరికి తీసికొని వెళ్లాడు. వెనుక వసారా గూటిలో ఒక అల్యూమినియము కంచము, గ్లాసు విడిగా బోర్లించి ఉన్నవి. విడికంచము, విడిగ్లాసు అంటే ఏమిటో మా పేటలో పుట్టినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. అవి మనకే అనుకొన్నాము. అయితే వారి అమ్మగారు మమ్మును మిత్రుని ప్రక్కనే కూర్చుండబెట్టి, అదే వరుసలో అరటియాకు వేసి, "సిగ్గుపడకు అబ్బాయీ, ఇంకొంచెము నెయ్యి వేసుకో" అన్నారు. అందరి భోజనములు అయిన తరువాత ఆ కంచములో అన్నము పెట్టుకొని ఆమె మేడమీదికి వెళ్లారు.

సెలవులు ముగిసి తిరిగివచ్చిన రాత్రి బోర్డింగు డాబా మీద మిత్రుడు నోరు విప్పాడు. పైన ఉన్నది వాళ్ల అక్క. 1986లో, ఆమెకు పదునేడవ యేట, మోచేతి దగ్గర స్పర్శలేని మచ్చ కనిపించింది. ఊరిలో దానిని పెద్దరోగము అంటారు. తండ్రిగారు ఎవరికీ తెలియకుండ పైపూతమందులు తెప్పించారు. కూతురు మద్రాసులో మేనమామ ఇంట ఉండి చదువుకొంటున్నదని ఊరందరికీ చెప్పారు. ఏడు సంవత్సరములు ఆమె చదువు మద్రాసులో సాగుతూనే ఉన్నది! వేడి గ్లాసు పట్టుకొన్నప్పుడు చేయి కాలినా ఆమెకు తెలిసేదికాదు. వ్రేళ్లు వంగిపోసాగినవి.

కుష్ఠువ్యాధి సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నారు. వ్యాధి వలన మాంసము కుళ్లి వ్రేళ్లు రాలిపోవని, స్పర్శ లేనందున తగిలే గాయములే అవయవములను పాడుచేస్తాయని వేలూరులో డాక్టరు పాల్ బ్రాండు చూపించారు. మన తెలుగునేలనే, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో, 1915 నుండి ఈ రోగులకు ఆసుపత్రి ఉన్నది. డాక్టరు ఇసబెల్ కెర్‌గారి ఆ పనికి ధనసహాయము చేసినవారిలో నర్సాగౌడ్‌గారనే ధనవంతుడు ఉన్నారు. ధనము అటువైపు కూడ పోగలదు. మేము చూచిన ఇంటిలో మాత్రము ధనము ఒక గదిని కట్టింది. కూలివాని ఒంటిమీద అదే మచ్చ ఉంటే ఇంటింటికి తిరిగే సిబ్బంది వీధిలోనే చూచి మందు చేతిలో పెట్టేవారు. ఆ పెద్ద గేటు తీయమని అడుగు ధైర్యము వారిలో ఎవరికి ఉన్నది?

ఆ చలికాలములో మచ్చల పరీక్షకు ఒక ఆరోగ్య కార్యకర్త పాఠశాలకు వచ్చాడు. చొక్కాలు విప్పించి, కనబడిన ప్రతి మచ్చ మీద స్పర్శ ఉన్నదో లేదో చూచాడు. పరీక్ష అయిన తరువాత మా మిత్రుడు గేటు వరకు అతని సైకిలు వెంట నడిచాడు. మూడు మందులు కలిపి ఇస్తారు, డబ్బు అక్కరలేదు, మందు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే ఇతరులకు అంటదు, ఆలస్యమైతే చచ్చిన నరము మాత్రము తిరిగిరాదు. ఇంతే అతడు చెప్పింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లి మిత్రుడు తండ్రితో మాట్లాడాడు. దెబ్బలు తిన్నాడు. చిన్నచెల్లెలి పెండ్లి ఎవరు చేస్తారని తండ్రిగారి ప్రశ్న. ఆ భయమును మేము తేలికచేసి చెప్పము. 1955 హిందూ వివాహచట్టము కూడ ఈ వ్యాధిని విడాకులకు కారణముగా ఒప్పుకొన్నది. ఆ మాటను చట్టములో నుండి తీసివేసినది 2019లో. అక్క తానే మెట్లు దిగివచ్చి, "వాడిని కొట్టవద్దు నాన్నగారూ, నన్ను పంపండి" అన్నదట. ఏడేండ్లలో పగటివేళ ఆమె క్రిందికి రావడము అదే మొదలు.

ఎరిగినవారు లేని దూరపు ఆసుపత్రికి, మారుపేరుతో తీసికొనివెళ్లారు. ఆ దినములలో ఆమె వంటివారికి 24 నెలల వైద్యము. తరువాత దానిని 12 నెలలకు తగ్గించారు. మందులలో ఒకదానివలన ఒళ్లు నల్లబడితే రోగము ముదిరిందని అమ్మగారు ఏడ్చారు. అది మందు రంగేనని, మానిన తరువాత క్రమముగా పోతుందని డాక్టరుగారు నచ్చచెప్పవలసివచ్చింది. వ్యాధి నయమైనది. కుడిచేతి రెండు వ్రేళ్లు వంగియే ఉన్నవి. కొన్నాళ్లకు మిల్లు లెక్కలు ఆమె చేతికి వచ్చినవి. పెన్ను పట్టుకొనే తీరు వేరు గాని లెక్క తప్పదు.

2007లో మిత్రుని వివాహమునకు వెళ్లాము. శుభలేఖలో ఆహ్వానించువారి వరుసలో తండ్రిగారి తరువాత అక్కగారి పేరు అచ్చువేశారు. అది చూచి ఇద్దరు దగ్గరి బంధువులు రాలేదు. వచ్చినవారికి ఆమెయే గుమ్మములో నిలిచి తాంబూలము ఇచ్చారు. నలుగురు చేయి చాపలేదట. ఆ నలుగురి పేర్లు ఆమెకు నేటికీ జ్ఞాపకమున్నవి. అడిగితే నవ్వి, మిల్లు పుస్తకము తెరుస్తారు.