ఓటమి ఒప్పుకునే పద్ధతి
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను చదరంగం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. ఎలా గెలవాలో పుస్తకాలు చెబుతాయి. ఓడిన ఆటను ఎలా వదులుకోవాలన్నదే నేను చెప్పగలను. నాకు అందులో అనుభవం ఎక్కువ. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఒక్క రాజీనామా ఇవ్వలేదు గాని, చదరంగంలో ఎన్ని ఇచ్చానో లెక్క లేదు.

1978లో ఆఫీసు వదిలాక రికార్డు గదిలో మా సీనియర్ అసిస్టెంటు గారితో ఆడేవాణ్ణి. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఒక సాయంత్రం నాకు మిగిలింది రాజు, ముందుకు కదల్లేని రెండు బంట్లు. ఆయనకు మంత్రి, ఏనుగు ఉన్నాయి. ఆట అయిపోయిందని నాకు తెలుసు. అయినా ప్రతి ఎత్తుకూ గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాను. వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఏడున్నరకు. ఆయన గడియారం చూస్తున్నారే గాని లేవలేదు. చివరికి తొందరలో మంత్రిని తప్పు గడిలో పెట్టారు. నా రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్! ఆట డ్రా. నేను బల్ల చరిచి నవ్వాను.

బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయన ఆ గదిలోనే బల్ల మీద పడుకున్నారట. ఇంట్లో కూతురికి జ్వరమని మర్నాడు అటెండరు చెబితే తెలిసింది. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం మామూలుగా పావులు పేర్చారు.

నిబంధనల ప్రకారం నాది తప్పు కాదు. ఎదుటివాడి పొరపాటు కోసం కాచుకోవడం ఆటలో భాగమే. తొందరపడి ఒప్పుకున్నా ప్రమాదమే. 1902లో మాంటే కార్లో పోటీలో మార్కో అనే ఆటగాడు తన శకటు పోతుందనుకుని ఓటమి ఒప్పుకున్నాడు. ఆ శకటునే ఒక్క ఎత్తు కదిపి ఉంటే గెలుపు అతనిదే! అందుకే నేర్చుకునే పిల్లలకు నేను, ఆటకట్టు అయ్యేదాకా ఆడండర్రా అనే చెబుతాను. పెద్దవాళ్ల సంగతి వేరు. ఇక గెలవలేమని, ఎదుటివాడికి గెలవడం చేతనవునని తెలిశాక కూడా కూర్చోబెట్టడం అతన్ని తక్కువ చేయడమే.

ఒప్పుకోవడంలోనూ పద్ధతి ఉంది. 1895లో ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో స్టైనిట్జ్ ఏనుగును బలి పెట్టజూపి అద్భుతంగా ఆడుతుంటే, ప్రత్యర్థి ఫాన్ బార్డెలెబెన్ మాట చెప్పకుండా హాలు విడిచి వెళ్లాడు. గడియారం తిరిగి తిరిగి టైమైపోయింది. మిగిలిన ఎత్తులు స్టైనిట్జ్ చూసేవాళ్లకు తానే వేసి చూపించవలసి వచ్చింది. ఇప్పుడు మా మనవడు ఫోనులో ఆడుతూ ఓడిపోతుంటే ఫోను పక్కన పడేస్తాడు. అదీ ఇదీ ఒకటే.

2024 డిసెంబరులో సింగపూరులో జరిగిన ప్రపంచ పోటీ చాలామంది టీవీలో చూసే ఉంటారు. చివరిదైన పద్నాలుగో ఆటలో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. మరో మూడు ఎత్తులకు ఇక లాభం లేదని చేయి చాచాడు. ప్రపంచ కిరీటం పోతున్నా విసుర్లు లేవు, సాకులు లేవు. ఎదురుగా చెన్నైలోని మన తెలుగువారి కుర్రాడు గుకేశ్ కళ్లు తుడుచుకుంటూ మళ్లీ పావులన్నీ వాటి గళ్లలో సర్దాడు. నాకు ఇద్దరూ నచ్చారు.

మా సీనియర్ గారికిప్పుడు ఎనభై మూడు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఆదివారాలు వెళ్లి ఆడి వస్తుంటాను. పోయిన నెల మూడు ఎత్తుల్లో నాకు ఆటకట్టు కనిపించింది. అలవాటు కొద్దీ "ఒప్పుకున్నానండీ" అని చేయి చాచాను. ఆయన చేయి అందుకోలేదు.

"కూర్చోవయ్యా, నన్ను కట్టనీ. ఇవాళ బస్సుకు వెళ్లవలసింది నువ్వు గదా" అన్నారు.

నలభై ఏడేళ్లుగా ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నేను కూర్చున్నాను. ఎడమ చేయి వణుకుతూ రెండుసార్లు బంటు పడిపోయింది, తీసి నిలబెట్టాను. మూడు ఎత్తులకు ఇరవై నిమిషాలు పట్టింది. కట్టేశాక ఆయనే ఎడమ చేయి చాచారు.

ఆటోకు నూట యాభై అయింది. సెలవు.