రెండు పలకలు

మార్కాపురము పేరు చెప్పగానే తెలుగువారికి పలక జ్ఞాపకము వచ్చును. ఒకప్పుడు ఎందరో పిల్లలు ఈ ప్రాంతపు రాతిమీదనే ఓనమాలు దిద్దిరి. నీటి అడుగున పేరుకొనిన మెత్తని మన్ను భూగర్భమున వేడిమికి, ఒత్తిడికి లోనై పలకరాయి అయినది. అందుచేతనే పొరలు పొరలుగా చీలును. అయినను చీల్చిన ప్రతి పొరయు మంచి పలక కాదు. గరుకైనచో బలపము గీరుకొనును; మరీ నునుపైనచో జారిపోవును. పలక చెడ్డదైనను, వ్రాత బాగులేదని దెబ్బలు మాత్రము పిల్లవాని చేతికే తగిలెడివి.

నేడు ఆ పిల్లవాని మనుమని యెదుట మరియొక పలక ఉన్నది. ల్యాప్‌టాప్‌లో అక్షరముల మీటలకు దిగువ నుండు ట్రాక్‌ప్యాడ్ అది. మార్కాపురమున గాని, గిద్దలూరున గాని బిడ్డ చదువునకై ల్యాప్‌టాప్ కొను తల్లిదండ్రులు వెల అడుగుదురు, మెమరీ యెంతయని అడుగుదురు. ఈ పలకను తాకి చూచువారు తక్కువ.

దీని పని యెట్టిదో చూతము. పై పొర క్రింద సన్నని విద్యుద్వాహకములు నిలువుగా, అడ్డముగా అల్లికవలె నుండును. వ్రేలు తాకినచోట కెపాసిటెన్సు కొద్దిగా మారును. ఆ మార్పును లెక్కగట్టి ఒక చిన్న చిప్పు వ్రేలి స్థానమును గుర్తించును. పై పొర గాజుదైనచో వ్రేలు సాఫీగా సాగును. చవుక ప్లాస్టిక్కు వ్రేలిని పట్టుకొనును. పై అంచున కీలుగల పలకలో క్రింది భాగము మాత్రమే సులువుగా నొక్కుడుపడును. 2015లో యాపిల్ సంస్థ తెచ్చిన పద్ధతిలో పలక క్రిందికి దిగదు. ఒత్తిడిని కొలిచి, విద్యుదయస్కాంతపు కదలికతో నొక్కినట్లే వ్రేలికి తోపించును.

ప్రోగ్రాము కూడ ముఖ్యమే. టైపు చేయునపుడు పొరపాటున తగిలిన అరచేతిని విడిచిపెట్టుట దాని పని. పూర్వము తయారీదారులు ఎవరికి తోచినట్లు వారు దీనిని సమకూర్చెడివారు. 2013లో విండోస్ 8.1తో మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక ఉమ్మడి ప్రమాణమును తెచ్చినది.

మరియొక కారణము యంత్రములో గాక ఇంటి గోడలో ఉండవచ్చును. ఎర్త్ సరిగా లేని ప్లగ్గుకు చార్జరు తగిలించినపుడు తెరమీది బాణపుగుర్తు ఎగిరిపడవచ్చును. చార్జరు తీసినంతనే అది కుదుటపడినచో చార్జరును, ఎర్త్‌ను పరీక్షింపవలెను. వేసవిలో చెమట పట్టిన వ్రేలు కూడ ఇట్టి చిక్కే తెచ్చును.

కావున కొనుటకు ముందు అంగడిలోనే నాలుగు మూలలు నొక్కి చూడుడు. ఒక వ్రేలితో చిన్న గుర్తును ఒక చోటినుండి మరియొక చోటికి లాగి చూడుడు. రెండు వ్రేళ్లతో పేజీని నెమ్మదిగా జరిపి చూడుడు. చార్జరు పెట్టియు, తీసియు చూడుడు. ఇందుకు ఐదు నిమిషములు చాలును.

క్రొత్తగా నేర్చువాడు బాణము గురి తప్పినపుడెల్ల అది తన చేతకానితనమే అనుకొనును. పెద్దలును అట్లే అందురు. చేతిని నిందించుటకు ముందు పలకను పరీక్షింపుడని మేము మనవి చేయుచున్నాము. తాతకు దక్కని ఆ న్యాయము మనుమనికైనను దక్కవలెను.