టీడీఎస్ మీటరుకి సీసం కనబడదు

పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, మా క్యాంపులో మున్సిపాలిటీ నీళ్ళే. టీడీఎస్ మీటరు పెడితే 120 చూపించింది. తాగొచ్చా?"

ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందనే. దాన్నిబట్టి లీటరులో సుమారు 120 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయని లెక్కగడుతుంది. సీసానికి, ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తానికి దాదాపు సగం బియ్యపు గింజంత బరువు. 120 పక్కన అది ఎక్కడ కనబడుతుంది? ఆర్సెనిక్ క్యాన్సర్ తెస్తుందని తేలిపోయింది. సీసపు సమ్మేళనాలు బహుశా తెస్తాయని ఆ సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. కిడ్నీలకి, పిల్లల మెదడుకి సీసం చేసే చెరుపు సరేసరి.

ఇప్పుడు మన పనికి సంబంధించిన సంగతి. 2015లో హాంకాంగ్‌లో ప్రభుత్వం కట్టిన ఇళ్ళ సముదాయాల్లో, 11 చోట్ల, కుళాయి నీళ్ళలో సీసం హద్దు దాటింది. సర్కారు సరఫరా చేసిన నీళ్ళు మంచివే. బిల్డింగు లోపల రాగి పైపులకి మాటు పెట్టిన సోల్డరులో సీసం ఉంది! ఇంకోటి, అక్కడ పరీక్షకి ముందు కుళాయి కొన్ని నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత నీళ్ళు పట్టేవారు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు మోరీలో పోయాక ఇంక దొరికేదేముంది? విచారణ కమిషన్ ఈ పద్ధతినే తప్పుపట్టింది.

అందుకే రెండు బాటిళ్ళు పట్టించండి. కనీసం ఆరు గంటలు ఎవరూ కుళాయి తిప్పకుండా ఉంచి, తిప్పగానే వచ్చిన మొదటి లీటరు ఒకటి. బాగా వదిలాక ఇంకొకటి. మొదటిదాంట్లోనే సీసం ఉంటే తేడా కుళాయిలోనో లోపలి పైపుల్లోనో ఉంది. రెండిట్లోనూ ఉంటే ట్యాంకు, బయటి లైను చూడాలి. బాటిల్ ల్యాబ్ ఇచ్చిందే వాడండి, కడగొద్దు. "నీటి పరీక్ష" అని ఊరికే రాస్తే కుదరదు, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం అని పేరుపేరునా రాయించండి. మా సైటులో బిల్డింగు అప్పగించే ముందు నేను అడిగే కాగితం ఇదే. ప్లంబింగ్ వాళ్ళకి నచ్చదు, అది వేరే సంగతి.

రిపోర్టు వచ్చేదాకా పొద్దున కాసేపు నీళ్ళు వదిలి పట్టుకోండి. కాచితే సీసం పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. చాయ్‌కి గీజరు నీళ్ళు పట్టకండి, వేడినీళ్ళలో సీసం ఎక్కువ కరుగుతుంది. ఎండాకాలం మనకి చల్లనీళ్ళ కుళాయిలోనూ వేడినీళ్ళే కదా అంటారేమో. నిజమే, అందుకే ఆ టెస్టు ఎండాకాలంలోనే చేయించమంటాను.