ఒక ఆంగ్ల క్రియ – రెండు స్పానిష్ క్రియలు



స్పానిష్ 20 దేశములకు అధికార భాష. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఒకటి. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునందును, హనుమాన్ రోడ్డులోని సెర్వాంతెస్ సంస్థయందును దానిని నేర్చుకొను వసతి కలదు. అయితే ఆంగ్లము ద్వారా ఆ భాషను నేర్చువారికి క్రియల యెడ తఱచుగా చిక్కు కలుగుచుండును.

ఆంగ్లమున ‘ఆస్క్’ అను క్రియకు స్పానిష్ నిఘంటువులో ‘ప్రెగుంతార్’, ‘పెదిర్’ అని రెండు క్రియలు కనఁబడును. తెలియని సంగతిని విచారించుట మొదటిది. వస్తువునో సహాయమునో కోరుట రెండవది. ఇచ్చట తెలుగు తోడ్పడదు. తెలుగువాఁడు దారియు అడుగును, సెలవును అడుగును. కాని కేంద్ర ఉద్యోగులు ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకై అభ్యసించు హిందీ ఈ భేదమును చక్కగా చూపును. దారిని విచారించుట ‘పూఛ్‌నా’. సెలవు కోరుట ‘మాంగ్‌నా’. క్రొత్తగా ఢిల్లీ చేరిన ఉద్యోగి దారి తెలియక ‘మాంగ్‌నా’ అను క్రియతో అడిగినచో, ఎదుటివాఁడు ప్రక్కకు తొలఁగి త్రోవ ఇచ్చునేమో గాని త్రోవ చెప్పఁడు! పూఛ్‌నా అనఁదగినచోట ప్రెగుంతార్, మాంగ్‌నా అనఁదగినచోట పెదిర్ చాలవఱకు సరిపడును. ప్రశ్న విషయమున మాత్రము జాగ్రత్త వలెను. తెలుగువారు ప్రశ్న ‘వేయుదురు’. స్పానిష్‌వారు ప్రశ్న ‘చేయుదురు’. ఆ క్రియ ‘అసేర్’.

ఇఁక ‘ప్లే’ అను క్రియ. ఆటకు ‘హుగార్’, వాద్యమునకు ‘తొకార్’. ఈ భేదము తెలుగుబిడ్డకు ఉగ్గుపాలతోనే అబ్బినది; బంతి ఆడును, వీణ వాయించును. అయినను నేఁడు నగరములలో పెరుగు పిల్లలు పలువురు ‘క్రికెట్ ప్లే చేసినాము, గిటారు ప్లే చేసినాము’ అనుచున్నారు. ఆంగ్లపదమునకు ‘చేయు’ తగిలించుటతో తెలుగు క్రియలు రెండును మరుగుపడుచున్నవి. అట్టి బిడ్డ స్పానిష్ తరగతిలో గిటారుకును ‘హుగార్’ అని వ్రాసి దిద్దించుకొనును. ఇంట ఊరక లభించినదానిని పోఁగొట్టుకొని, బయట రుసుము చెల్లించి మరల నేర్వవలసివచ్చును!

కావున నేర్చువారు ఆంగ్లపదమును ప్రక్కనుంచి, జరుగుచున్న పని యేదియో తొలుత విచారింపవలెను. క్రియను ఒంటిగాఁగాక దాని కర్మతోఁగూడ వ్రాసికొనవలెను: ‘సెలవు – పెదిర్’, ‘దారి – ప్రెగుంతార్’, ‘వీణ – తొకార్’. తల్లిదండ్రులు భోజనవేళనైనను ‘ఆడినావా?’, ‘వాయించినావా?’ అని పిల్లలను వేఱువేఱుగా పలుకరించుట మేలు.