మన ముఖం చెప్పేది, ఎదుటివారు చదివేది



అరకు, పాడేరు, చింతపల్లి నుంచి విశాఖ వచ్చి పోర్టులో, స్టీల్‌ప్లాంటులో, కాలేజీల్లో చేరిన మనకు ఒక మాట తరచూ వినపడుతుంది: "ఎప్పుడూ ముఖం ముడుచుకునే ఉంటావేం?" మనం ముడుచుకోలేదు. పెద్దవాళ్ల ముందు కళ్లు దించుకుని నిలబడటం మనలో చాలా ఇళ్లలో మర్యాద. ఇంటర్వ్యూ గదిలో అదే భయం కింద, ఒక్కోసారి తెలివితక్కువ కింద లెక్కకొస్తుంది.

ముఖ కవళికల మీద ఛార్లెస్ డార్విన్ 1872లోనే పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఒక తల్లి ఉంది. నాగపూర్ నుంచి వచ్చిన ధాంగర్ యువతి అని రాశాడు. ఛోటానాగపూర్ కొండల నుంచి కలకత్తాకు పనులకొచ్చిన ఆదివాసీలను అప్పట్లో ధాంగర్లు అనేవారు. భర్త బొటానికల్ గార్డెన్‌లో తోటమాలి. ఒళ్లో బిడ్డ చావుబతుకుల్లో ఉంది. అక్కడ పనిచేసే స్కాట్ అనే ఆయన మొక్కల చాటు నుంచి చూశాడు. కనుబొమల లోపలి కొసలు పైకి లేచాయి, నుదుటి మధ్య ముడతలు పడ్డాయి, రెప్పలు వాలాయి, నోటి మూలలు కిందికి దిగాయి. ఆయన ఎదురుగా వచ్చి పలకరించగానే ఉలిక్కిపడి, భోరున ఏడ్చి, బిడ్డను బాగుచేయమని వేడుకుంది. దుఃఖం ఏ జాతివారి ముఖం మీదైనా ఒకలాగే కనిపిస్తుందని చెప్పడానికి డార్విన్‌కు ఆమె కనుబొమలు సాక్ష్యమయ్యాయి. ఆమె పేరు మాత్రం పుస్తకంలో లేదు.

1960ల చివర్లో పాల్ ఎక్‌మన్ పాపువా న్యూగినీ కొండల్లోని ఫోరె ప్రజలకు చిన్న కథలు చెప్పి, ఏ ఫొటో సరిపోతుందని అడిగాడు. సంతోషం, కోపం, దుఃఖం చాలామంది పట్టేశారు. భయాన్ని ఆశ్చర్యం నుంచి విడదీయడమే కష్టమైంది. 2016లో వచ్చిన మరో పరిశోధనలో, కళ్లు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖాన్ని ట్రోబ్రియాండ్ దీవుల పిల్లలు బెదిరింపు అన్నారు. పట్నాల్లో దాన్నే భయం అంటారు. ముఖం అందరికీ ఒకటే పాఠం కాదన్నమాట.

మన థింసానే చూడండి. కూచిపూడిలో కళ్లూ కనుబొమలూ కథ చెబుతాయి. థింసాలో చెప్పేది పాదాలు, వెనక నుంచి చేతులు కలిపిన ఆ వరస. బీచ్‌రోడ్డు వేదిక మీద ఫొటో తీసేవాళ్లు "నవ్వండమ్మా" అంటుంటే మనకు నవ్వొస్తుంది!

ఆసుపత్రిలో మాత్రం ఇది నవ్వులాట కాదు. ఓపీ వరసలో మన ఊరి అవ్వ పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటే, నొప్పి అంతగా లేదనుకునే ప్రమాదం ఉంది. పక్కనున్నది మనమైతే నోరు విప్పాలి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, రాత్రి నిద్ర పట్టిందా అని ఆమెను కువిలో అడిగి, డాక్టరుగారికి తెలుగులో చెప్పాలి.