పేదతనం నేరం కాదు, పిల్లల ఏడుపు దాచటం న్యాయం కాదు



ఫలానా ఇంట్లో పిల్లల్ని పట్టించుకోవటం లేదని ఎవరో 1098కి ఫోను చేస్తారు. పిల్లల సంరక్షణ సిబ్బంది వాడలోకి వస్తారు. ఇంట్లో తల్లి ఉండదు. ఎనిమిదేళ్ల పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని ఉంటుంది. పొయ్యిలో నిప్పు ఉండదు. కాయితం మీద 'నిర్లక్ష్యం' అని రాసేస్తే సరిపోతుందా? తల్లి ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో అడగాలా వద్దా?

కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి మనవాళ్లు మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతున్నారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే బడి పోతుంది. ముసలమ్మ దగ్గర వదిలిపోతే నిర్లక్ష్యమంటారు. ఇది తల్లి తప్పా? తరతరాలుగా సెంటు భూమి దక్కనివ్వని వాళ్ల తప్పా?

చట్టం ఏమంటుందో మనం తెలుసుకోవాల. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను తీసుకుపోతే, ప్రయాణం పట్టే టైము పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటి పరిస్థితి విచారించి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నాలుగు నెలల్లో ఆఖరు ఉత్తర్వు రావాలి. బిడ్డను సాకే మొదటి బాధ్యత కుటుంబానిదనీ, వేరే దారి లేనప్పుడే హోములో పెట్టాలనీ ఆ చట్టమే చెబుతోంది. ఉత్తర్వు అన్యాయమనిపిస్తే 30 రోజుల్లో బాలల కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకో సంగతి. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. భర్త పోయిన తల్లి బిడ్డలకు, అమ్మానాన్నలు లేక అవ్వ దగ్గర పెరిగే పిల్లలకు, ప్రాణం మీదికొచ్చిన రోగంతో ఉన్నవాళ్ల పిల్లలకు ఇది వర్తిస్తుంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. బిడ్డను తీసుకుపోయే ముందు ఈ సాయం గురించి ఆలోచించారా అని మనం నిలదీయాల.

అయితే చేదైనా ఒక మాట చెప్పాల. కూలి దొరక్క బిడ్డ పస్తుండటం వేరు, కూలి డబ్బులు తాగుడికి పోసి బిడ్డను పస్తు పెట్టటం వేరు. వాతలు పెట్టటం, చదువుకునే ఆడపిల్లను బడి మాన్పించి పెళ్లి చెయ్యటం పేదరికం కాదు, క్రూరత్వం. వాడ పరువు పోతుందని అవి దాస్తే నష్టపోయేది మన బిడ్డే. బిడ్డ మీద క్రూరత్వానికి మూడేళ్ల దాకా జైలుంది. మన వాడల నుంచే చదువుకుని పంతుళ్లమైన మేము, బిడ్డ ఒంటి మీద దెబ్బలు కనబడితే ఊరుకోం. మీరూ ఊరుకోవద్దు.

వాళ్లు వచ్చినప్పుడు తలుపులు మూసుకోవద్దు. ఎవరు, ఏ ఆఫీసు అని అడగండి. ఇద్దరు పెద్ద ఆడవాళ్లు పక్కన కూర్చోండి. తల్లి ఏ పనికి పోయింది, పిల్లలకు వండేదెవరు, కార్డు ఉందా లేదా, అన్నీ రాయించండి. ఊరి పెద్దల అరుగుల మీద విన్నది కాక, వాడలో ఇరుగుపొరుగును అడిగి రాయమనండి. బిడ్డతో భయపెట్టకుండా విడిగా మాట్లాడమనండి.

గ్రామ బాలల సంరక్షణ కమిటీలో మన వాడ ఆడవాళ్లు ఉన్నారా? లేకపోతే వచ్చే గ్రామసభలో మొదట లేవాల్సిన ప్రశ్న అదే. మన బిడ్డల గురించి మనం లేనిచోట తీర్మానాలు సాగనివ్వొద్దు.

జై భీం!